చెరువు మకాం వరకు ఫైబరు వేశాం, మీడియా కన్వర్టర్‌లో ఎఫ్‌ఎక్స్ లైటు వెలగడం లేదు

ప్రశ్న: గట్టు మీద మకాం (భీమవరం దగ్గర)

అందరికీ నమస్కారం. మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఉంది. ఇంటి నుంచి గట్ల వెంట సుమారు 700 మీటర్లు వెళితే మా రొయ్యల చెరువులు, వాటి మధ్యన కాపలావాళ్లు ఉండే మకాం వస్తాయి. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారేలోగా పంట మొత్తం పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, మకాం దగ్గర ఆరు కెమెరాలు పెట్టి వాటిని ఇంటి నుంచి చూసుకునే ఏర్పాటు చేస్తున్నాము. మామూలు నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటితే పనిచేయదని తెలుసు. వైర్‌లెస్ పరికరాలతో కొంతకాలం నడిపాము కానీ, మధ్యలో ఉన్న కొబ్బరి చెట్ల మట్టలు గాలికి ఊగినప్పుడల్లా లింకు తెగిపోతూ ఉండేది. అందుకే ఫైబరుకు మారాము.

మా ఊళ్లో కేబుల్ పని చేసేవారితో రెండు కోర్ల (కాంతి వెళ్లే గాజుపోగులు రెండు ఉన్న) సింగిల్ మోడ్ రకం ఫైబరు కేబుల్‌ను గట్టులో ప్లాస్టిక్ పైపు పూడ్చి అందులోంచి లాగించాము. రెండు చివరలా ఎస్‌సీ రకం కనెక్టర్లు ఉన్న పిగ్‌టెయిల్స్ (ఒక చివరే కనెక్టరు ఉండే చిన్న ఫైబరు ముక్కలు) అతికించారు. ఇంటి దగ్గర ఒకటి, మకాంలో ఒకటి, 10/100 మీడియా కన్వర్టర్లు (నెట్‌వర్క్ కేబుల్ సంకేతాన్ని ఫైబరులో వెళ్లే కాంతిగా, ఆ కాంతిని తిరిగి సంకేతంగా మార్చే పెట్టెలు) పెట్టాము. ఇవి ఒకే కోరు మీద రెండు వైపులా పనిచేసే రకం. రెండింటిలోనూ పవర్ లైటు, రాగి కేబుల్ లింకును చూపే టీపీ లైటు వెలుగుతున్నాయి, ఫైబరు లింకును చూపే ఎఫ్‌ఎక్స్ లైటు మాత్రం ఎక్కడా వెలగడం లేదు. కేబుల్ పనివారు ఎర్ర లేజర్ పెన్ను పెట్టి చూపించారు, అవతలి చివర ఎర్రని వెలుగు స్పష్టంగా కనిపించింది. కాబట్టి ఫైబరు బాగానే ఉందని, కన్వర్టర్లే పాడైనవని వారు అంటున్నారు. అమ్మిన దుకాణంవారేమో రెండింటినీ పరీక్షించే ఇచ్చామంటున్నారు.

రెండు కన్వర్టర్ల అడుగున ఉన్న చీటీ మీదా టీఎక్స్ (పంపేది) 1310, ఆర్‌ఎక్స్ (అందుకునేది) 1550 అని ఉంది. ఇంటి దగ్గరి కనెక్టరు ఆకుపచ్చ రంగులోను, మకాంలోనిది నీలం రంగులోను ఉన్నాయి. తప్పు ఎక్కడ ఉందో, ఏ క్రమంలో పరీక్షించాలో చెప్పగలరా? పిడుగుల విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలో కూడా తెలిస్తే మేలు.

జవాబు: నెట్‌వర్క్ పని (రాజమహేంద్రవరం)

మీరు చీటీ మీది అంకెలు రాయడం వల్ల పని సులువైంది. మీ కన్వర్టర్లు పాడైపోలేదు, అవి జత కావు, అంతే. ఒకే కోరు మీద నడిచే కన్వర్టర్లలో ఒకటి 1310 నానోమీటర్ల కాంతిని పంపి 1550ని అందుకోవాలి, రెండోది 1550ని పంపి 1310ని అందుకోవాలి. వీటినే దుకాణాల్లో ఏ రకం, బీ రకం అంటారు. ఒకే గాజుపోగులో రెండు దిశల కాంతీ కలిసిపోకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. పోర్టు లోపల ఉండే ఫిల్టరు తనకు రావలసిన కాంతిని మాత్రమే లోపలికి రానిచ్చి మిగిలినదాన్ని ఆపేస్తుంది. మీ రెండూ 1310నే పంపుతున్నాయి, రెండూ 1550 కోసం ఎదురుచూస్తున్నాయి. వచ్చిన కాంతిని రెండు ఫిల్టర్లూ తిప్పికొడుతున్నాయి కాబట్టి ఎఫ్‌ఎక్స్ లైటు ఎన్నాళ్లు ఉంచినా వెలగదు. దుకాణంవారు దేనికది ఒక బీ రకం కన్వర్టరుతో కలిపి చూసి ఉంటే పరీక్షలో రెండూ బాగానే వచ్చి ఉంటాయి, కాబట్టి వారి మాటా నిజమే కావచ్చు. రెండింటిలో ఒకటి ఇచ్చి టీఎక్స్ 1550, ఆర్‌ఎక్స్ 1310 ఉన్నది తీసుకోండి. వీలైతే అదే కంపెనీది, అదే వేగం ఉన్నది తీసుకోండి.

వేగం గురించి ఎందుకు చెబుతున్నానంటే, రాగి తీగ వైపు 10, 100, 1000 వేగాలను పరికరాలు తమలో తాము మాట్లాడుకుని కుదుర్చుకుంటాయి కానీ ఫైబరు వైపు ఆ సౌలభ్యం లేదు. ఒక చివర 100 కన్వర్టరు, రెండో చివర గిగాబిట్ కన్వర్టరు పెడితే కాంతి అందినా లింకు రాదు. ఆరు కెమెరాలకు ఒక్కొక్కటి 4 మెగాబిట్ల చొప్పున వేసుకున్నా 24 మెగాబిట్లే కాబట్టి, మీ అవసరానికి 100 వేగం హాయిగా సరిపోతుంది. గిగాబిట్ కోసం మళ్లీ ఖర్చు పెట్టనవసరం లేదు.

ఆకుపచ్చ కనెక్టరు సంగతి కూడా ఇప్పుడే సరిచేయించండి. అది ఏపీసీ రకం, దాని కొన 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది. నీలం రంగుది యూపీసీ రకం, కొన వాలు లేకుండా ఉంటుంది. మీరు కొన్నటువంటి కన్వర్టర్ల పోర్టులు యూపీసీకి చేసినవి. కేబుల్ టీవీ సంకేతంలో కాంతి వెనక్కి తిరిగి రావడం బొమ్మను పాడుచేస్తుంది కాబట్టి ఆ పనివారి సంచిలో ఎప్పుడూ ఆకుపచ్చవే ఉంటాయి, అలవాటుగా అవే వేస్తారు. వాలుగా ఉన్న కొన, వాలు లేని కొన ఎదురుబొదురుగా పెడితే మధ్యలో సందు మిగిలి కాంతి బాగా తగ్గిపోతుంది, పైగా నొక్కి తోస్తే కొనలు గీసుకుపోతాయి. ఇంటి చివర నీలం పిగ్‌టెయిల్ అతికించమనండి. మళ్లీ అతికించడం కుదరకపోతే ఒక చివర ఆకుపచ్చ, మరో చివర నీలం ఉన్న ప్యాచ్ కార్డు (రెండు చివరలా కనెక్టర్లు ఉండే చిన్న ఫైబరు తీగ) దొరుకుతుంది. దాన్ని, రెండు కనెక్టర్లను ఎదురెదురుగా కలిపే ఆకుపచ్చ అడాప్టరు ద్వారా కలిపితే ఆకుపచ్చకు ఆకుపచ్చే ఎదురవుతుంది, కన్వర్టరులోకి నీలం వెళుతుంది.

టీపీ లైటు వెలుగుతూ ఎఫ్‌ఎక్స్ లైటు ఆరి ఉందన్నారు కాబట్టి, లింకు తెగిన సంగతిని అవతలికి తెలియజేసే ఎల్‌ఎఫ్‌పీ అనే స్విచ్ మీ కన్వర్టర్లలో ఉంటే అది ఆఫ్‌లో ఉందని అర్థమవుతోంది. బిగించే పని ముగిసేవరకు దాన్ని అలాగే ఉంచండి. అది ఆన్‌లో ఉంటే ఫైబరు రాని కారణంగా టీపీ లైటు కూడా ఆరిపోయి, తప్పు ఏ వైపు ఉందో తెలియకుండా పోతుంది.

జవాబు: ఫైబరు జాయింట్లు (అమలాపురం)

పై జవాబులో చెప్పినది సరైనదే. దానికి కొలత గురించి కొంత కలుపుతాను. ఎర్ర లేజర్ పెన్ను కోరు తెగలేదని మాత్రమే చెబుతుంది. ఎంత కాంతి నష్టమవుతోందో అది చెప్పలేదు. దాని కాంతి 650 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, మీ కన్వర్టర్లు వాడే కాంతి కంటికి కనిపించదు. ఎర్ర వెలుగు వచ్చిందని ఫైబరు పనిని ముగించకుండా, ఫైబరులో కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటరు ఉన్నవారిని పిలిపించండి. మా ప్రాంతంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే దాదాపు ప్రతి కేబుల్ ఆపరేటరు దగ్గరా ఆ మీటరు ఉంటోంది, మీ దగ్గరా దొరుకుతుంది.

లెక్క ముందే వేసుకుని మీటరు దగ్గర కూర్చోవడం మంచిది. 1310 దగ్గర సింగిల్ మోడ్ ఫైబరు కిలోమీటరుకు సుమారు 0.35 డీబీ (డెసిబెల్, కాంతి నష్టానికి కొలత) పోగొడుతుంది కాబట్టి మీ 700 మీటర్లకు పావు డీబీ వేసుకోండి. మెషిన్‌తో అతికించిన జాయింటు ఒక్కోదానికి 0.1 డీబీ చొప్పున రెండింటికి 0.2, కనెక్టరు ఒక్కోదానికి అర డీబీ చొప్పున రెండింటికి ఒకటి. అన్నీ కలిపితే ఒకటిన్నర డీబీ దాటదు. ముందు కన్వర్టరుకు చిన్న ప్యాచ్ కార్డు పెట్టి, మీటరును అది పంపే కాంతికే సరిచేసి, ఎంత పంపుతోందో రాసుకోండి. తరువాత అవతలి చివరకు వెళ్లి, అక్కడి కన్వర్టరు నుంచి కనెక్టరు తీసి మీటరుకు పెట్టి, ఎంత అందుతోందో రాసుకోండి. మొదటిది మైనస్ 10 డీబీఎం (కాంతి బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ కాంతి తక్కువ) అనుకుంటే రెండోది మైనస్ 11.5 దగ్గర ఉండాలి. 3 డీబీ తగ్గితే కాంతి సగమైనట్టు, 10 డీబీ తగ్గితే పదో వంతే మిగిలినట్టు. కన్వర్టరు చాలా తక్కువ కాంతితో కూడా లింకు చూపిస్తుంది కాబట్టి లైటు వెలిగిందని వదిలేయకండి. ఈ రోజు అంచు మీద పనిచేసేది వానలు మొదలై జాయింటు పెట్టెలోకి చెమ్మ చేరగానే ఆగిపోతుంది.

రెండు దిశలనూ తప్పకుండా కొలవండి. ఫైబరు ఎక్కడైనా ఎక్కువగా వంగితే 1310 కంటే 1550 కాంతి చాలా ఎక్కువగా బయటికి పోతుంది. 1310 దిశ బాగా ఉండి 1550 దిశ మాత్రం బలహీనంగా ఉంటే జాయింటును అనుమానించకండి, వంపును వెతకండి. మామూలు సింగిల్ మోడ్ ఫైబరును 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకుండా చుట్టాలి. పెట్టెలో పట్టడం లేదని పిగ్‌టెయిల్‌ను బొటనవేలి చుట్టంత చిన్నదిగా చుట్టి ప్లాస్టిక్ ట్యాగుతో బిగించేయడం నేను చాలా చోట్ల చూస్తున్నాను.

కనెక్టరు కొనను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని తుడుపు కాగితంతో తుడిచి పెట్టండి. చొక్కా అంచుతో తుడవకండి. పవర్ ఉన్న కన్వర్టరు పోర్టులోకి గాని, దానికి తగిలించిన ఫైబరు కొనలోకి గాని కన్ను పెట్టి చూడకండి, పిల్లలను కూడా చూడనివ్వకండి. వాడని పోర్టుకు, కోరుకు మూత పెట్టి ఉంచండి. ఇంకొక మాట, రెండో కోరుకు కూడా ఇప్పుడే రెండు చివరలా పిగ్‌టెయిల్స్ వేయించండి. రేపు మొదటిది దెబ్బతింటే కనెక్టరు మార్చుకుంటే చాలు, జాయింట్లు కొట్టే మనిషి కోసం సాగు మధ్యలో తిరగనవసరం ఉండదు.

గట్టులో పూడ్చిన పైపు చివరలు తెరిచి ఉంటే వెంటనే మూయించండి. డెల్టాలో ఫైబరుకు పొక్లెయిన్ తరువాత పెద్ద శత్రువు పందికొక్కే. గట్టు బాగుచేయించే ప్రతిసారీ కేబుల్ ఎటు పోయిందో యంత్రం నడిపేవారికి తెలిసేలా రాళ్లు పాతించండి.

జవాబు: కాలువ గట్టు (తణుకు)

ప్రశ్న వేసినవారికి నా సందేహం కూడా ఉపయోగపడవచ్చని అడుగుతున్నాను. పాత బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌కు ఇచ్చిన ఫైబరు పెట్టె, అంటే ఓఎన్‌యూ, మా ఇంట్లో ఖాళీగా ఉంది. దానిలోనూ ఫైబరు పోర్టు, నెట్‌వర్క్ పోర్టు రెండూ ఉన్నాయి. ఒక చివర కన్వర్టరు కొని, రెండో చివర దాన్ని పెడితే ఖర్చు తగ్గుతుంది కదా?

జవాబు: నెట్‌వర్క్ పని (రాజమహేంద్రవరం)

తగ్గదండి, అది పనిచేయదు. ఓఎన్‌యూ అనేది ఆపరేటరు దగ్గరుండే ఓఎల్‌టీ అనే పెద్ద పరికరం అనుమతిస్తేనే మాట్లాడుతుంది. అక్కడి నుంచి 1490 నానోమీటర్ల కాంతిని అందుకుని, తనకు కేటాయించిన క్షణంలో మాత్రమే 1310 మీద జవాబు పంపుతుంది. మీడియా కన్వర్టరు ఎవరి అనుమతీ లేకుండా ఎప్పుడూ కాంతిని పంపుతూనే ఉండే పరికరం. కనెక్టరు ఒకేలా ఉన్నా ఈ రెండింటి పద్ధతులూ కలవవు.

జవాబు: కోనసీమ కెమెరాలు (రాజోలు)

పిడుగుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. గాజుపోగులో కరెంటు పారదు, అందువల్ల మకాం దగ్గర పిడుగు పడినా ఆ దెబ్బ ఫైబరు ద్వారా ఇంట్లోని రౌటరుకు రాదు. మన దగ్గర ఫైబరుకు మారడంలో ఉన్న అసలు లాభం ఇదే. అయితే మీ కేబుల్‌లో బలం కోసం ఇనుప తీగ గాని, ఇనుప తొడుగు గాని ఉంటే ఆ లాభం పోతుంది. అటువంటి కేబుల్ అయితే ఇనుమును కన్వర్టరు పెట్టె వరకు రానివ్వకుండా ఇంటి బయటే కోయించి, అక్కడే ఎర్త్‌కు కలిపించండి. ఇనుము లేకుండా ఫైబర్‌గ్లాస్ పుల్లలు ఉన్న కేబుల్ అయితే ఆ బెంగ లేదు.

ఇల్లు క్షేమంగా ఉన్నంత మాత్రాన మకాం క్షేమం కాదు. కెమెరాల నుంచి, వాటన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు వచ్చే రాగి కేబుళ్లు గట్ల మీద స్తంభాల నుంచి వస్తాయి, కరెంటు లైను ఏరేటర్ల బోర్డు నుంచి వస్తుంది. ఈ రెండు దారుల్లో సర్జ్ (ఒక్కసారిగా దూసుకొచ్చే అధిక వోల్టేజీ) రక్షణ పరికరాలు పెట్టి, మంచి ఎర్త్ వేయించండి. ఏరేటర్ల మోటార్లు ఒకేసారి మొదలైనప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది, ఆ క్షణంలో కన్వర్టరు ఆగి మళ్లీ మొదలవుతుంది. జనరేటరుకు మారేటప్పుడూ అంతే. రౌటర్లకు వాడే చిన్న డీసీ యూపీఎస్ పెడితే ఈ బాధ ఉండదు. కానీ కన్వర్టరుకు సాధారణంగా 5 వోల్టుల అడాప్టరు వస్తుంది, చాలా రౌటర్లకు 12 వోల్టులది. పిన్ను మాత్రం ఒకేలా ఉండవచ్చు. మకాంలో ఉండేవారు తొందరలో 12 వోల్టులది 5 వోల్టుల పరికరానికి తగిలిస్తే అది అప్పుడే కాలిపోతుంది. కాబట్టి అడాప్టరు మీద, పరికరం మీద పెద్ద అక్షరాలతో వోల్టేజీ రాసి అంటించండి.

ఉప్పునీటి చెరువుల గాలికి నెట్‌వర్క్ కనెక్టర్లలోని పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. కన్వర్టరు, స్విచ్ రెండింటినీ రబ్బరు అంచు ఉన్న మూత పెట్టెలో, వరదనీరు అందనంత ఎత్తులో బిగించండి. రేకుల కప్పుకు ఆనించి మాత్రం పెట్టకండి, ఎండాకాలం ఆ వేడికి అడాప్టర్లు చెడిపోతాయి.

ప్రశ్న వేసినవారు: గట్టు మీద మకాం (భీమవరం దగ్గర)

మీ అందరికీ కృతజ్ఞతలు. దుకాణంవారు ఒకదాన్ని మార్చి 1550 పంపేది ఇచ్చారు, దాన్ని మకాంలో పెట్టాము. ఇంటి చివర నీలం పిగ్‌టెయిల్ వేయించాము. వెంటనే రెండు వైపులా ఎఫ్‌ఎక్స్ లైటు వెలిగింది. అయినా అమలాపురం మిత్రులు చెప్పారు కనుక మీటరు తెప్పించి కొలిపించాము. రెండు కన్వర్టర్లూ మైనస్ 10 దగ్గర పంపుతున్నాయి. మకాంలో 1310 కాంతి మైనస్ 11.6 అందుతోంది, ఇంటి దగ్గర 1550 కాంతి మాత్రం మైనస్ 19 అందుతోంది. వారు రాసినట్టే వంపును వెతికితే, మకాం పెట్టెలో పిగ్‌టెయిల్‌ను చిన్న చుట్టగా చుట్టి రెండు ట్యాగులతో బిగించి ఉంది. ట్యాగులు కోసి పెద్ద పెట్టెలో వదులుగా చుట్టించగానే ఇంటి దగ్గరి కొలత మైనస్ 11.8కి వచ్చింది. ఎర్ర పెన్నుతో చూసినప్పుడు ఈ తేడా ఏమీ తెలియలేదు.

ఇప్పుడు మిగిలిన సమస్య ఒకటే. పింగ్ (చిన్న ప్యాకెట్లు పంపి జవాబు వస్తోందో లేదో చూసే పరీక్ష) చేస్తే ఒక్క ప్యాకెట్టూ దారిలో తప్పిపోవడం లేదు, ఒక కెమెరా చూస్తే బాగానే ఉంది, ఆరూ ఒకేసారి తెరిస్తే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. కన్వర్టర్ల పక్కన ఉన్న చిన్న స్విచ్‌లలో ఒకదాన్ని అమర్చినవారు 100 ఫుల్ అన్న వైపు పెట్టారు. మకాంలోని పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కెమెరాలకు కరెంటు కూడా ఇచ్చేది) మామూలు రకం, దానిలో మార్చేందుకు ఏమీ లేదు. ఈ అమరికకూ బొమ్మ ఆగడానికీ సంబంధం ఉంటుందా?

జవాబు: నెట్‌వర్క్ పని (రాజమహేంద్రవరం)

ఉంటుంది, కారణం చాలావరకు అదే. కన్వర్టరు రాగి వైపును 100 ఫుల్ అని బిగించేస్తే అది అవతలి పరికరంతో సంప్రదింపులు మానేస్తుంది. ఆటోలో ఉన్న పీఓఈ స్విచ్‌కు వేగం 100 అని తెలుస్తుంది కానీ, ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) అని చెప్పేవారు లేరు కాబట్టి నియమం ప్రకారం హాఫ్ డూప్లెక్స్‌కు (ఒకసారికి ఒక దిశలోనే) దిగుతుంది. ఒకవైపు ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపుతుంది, రెండో వైపు దారి ఖాళీ అయ్యేవరకు ఆగి పంపుతుంది. పింగ్‌లో వెళ్లేవి చిన్న ప్యాకెట్లు, అవీ సెకనుకు ఒకటే కాబట్టి ఢీకొనవు. ఆరు కెమెరాల వీడియో ఒకేసారి రాగానే ఢీకొనడం మొదలై ప్యాకెట్లు పోతాయి, బొమ్మ ఆగుతుంది. కన్వర్టరు మీద ఎఫ్‌డీఎక్స్ (ఫుల్ డూప్లెక్స్) లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అది తన సంగతే చెబుతుంది, స్విచ్ సంగతి చెప్పదు.

రెండు కన్వర్టర్లలోనూ రాగి వైపు అమరికను ఆటోకు మార్చండి. చిన్న స్విచ్‌ల వరుస ఒక్కో కంపెనీకి ఒక్కో విధంగా ఉంటుంది, మీ పరికరం అడుగున అచ్చువేసిన పట్టికను చూసే మార్చండి. చాలా రకాల్లో మార్పు అమలులోకి రావాలంటే అడాప్టరు తీసి మళ్లీ పెట్టాలి.

ఆ తరువాత ఆరు కెమెరాలూ తెరిచి కొంతసేపు చూసి, బాగుంటే రెండు కన్వర్టర్లలోనూ ఎల్‌ఎఫ్‌పీ ఆన్ చేయండి. అప్పుడు ఫైబరు తెగితే రాగి వైపు లైట్లు కూడా ఆరిపోతాయి, లోపం దారిలో ఉందని మకాంలోని మనిషికి చూడగానే తెలుస్తుంది. రికార్డరు మకాంలోనే ఉందా, ఇంట్లో ఉందా మీరు రాయలేదు. ఇంట్లో ఉంటే మాత్రం కెమెరాల్లో మెమరీ కార్డులు వేయించండి, లింకు తెగిన సమయంలో జరిగినది వాటిలో మిగులుతుంది.

ప్రశ్న వేసినవారు: గట్టు మీద మకాం (భీమవరం దగ్గర)

ఆటోకు మార్చి అడాప్టర్లు తీసి పెట్టాము. ఆరు కెమెరాలూ ఒకేసారి తెరిచి ఉంచినా ఇప్పుడు బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. ఎల్‌ఎఫ్‌పీ కూడా ఆన్ చేసి, ఇంటి దగ్గర ఫైబరు కనెక్టరు తీసి చూశాము. మకాంలో టీపీ లైటు ఆరిపోయిందని కాపలా మనిషి ఫోనులో చెప్పాడు. రికార్డరు ఇంట్లోనే ఉంది, కార్డులు వేయిస్తాము. రెండో కోరుకు పిగ్‌టెయిల్స్ వేసే పని, పైపు చివరలు మూయించే పని ఈ వారంలోనే చేయిస్తున్నాము. కేబుల్‌లో ఇనుప తీగ ఉందని ఇంటి బయట కోసి చూస్తే తేలింది కనుక, రాజోలు మిత్రులు చెప్పినట్టు దాన్ని గోడ బయటే ఆపి ఎర్త్‌కు కలిపించాము.